ప్రమోషన్ రోజున పుట్టిన ఫైళ్లు

కొవిడ్ తగ్గుముఖం పట్టిన ఏడాది, పుదుచ్చేరిలోని ఒక ప్రభుత్వ కార్యాలయానికి నన్ను తాత్కాలికంగా పంపారు. అప్పట్లో నా హోదా సిస్టమ్స్ ఇంజినీరు. ప్రింటర్లో కాగితం ఇరుక్కున్నా, సర్వర్ మొరాయించినా తిట్లు తినడానికి ప్రభుత్వం జీతమిచ్చి పోషించే జీవి అన్నమాట. ఈసారి ఫిర్యాదు, ఆఫీసరు గారి కంప్యూటర్లో ఫైళ్లు మాయమవుతున్నాయని.

ఆఫీసరు ఆర్. కన్నయ్య నాయుడు గారు. అరియాంకుప్పంలో తాతల నాటి పొలాలు, ఆ పొలాలంత విశాలమైన బల్ల. నేను కుర్చీలో ఆనకముందే తీర్పు చెప్పేశారు. హార్డ్ డిస్క్ చచ్చింది, చంపింది కస్తూరి.

ఎం. కస్తూరి ఉప్పళం నుంచి స్కూటీ మీద వచ్చే డేటా ఎంట్రీ ఆపరేటర్. కాంట్రాక్టు ఉద్యోగం. నెలాఖరులోపు పొడిగింపు మీద నాయుడు గారి సంతకం పడాలి. ఆయన బల్ల మీద మాత్రం ఆ అమ్మాయిని ఇంటికి పంపే మెమో సిద్ధంగా ఉంది.

నన్ను వరండాలో పట్టుకుని చెప్పింది. "అన్నా, నేను టైపు చేసి సారుకు చూపించేదాకా ఫైలు ఆడనే ఉంటాది. సారు చూసి మూసినాక, తెల్లారి చూస్తే ఉండదు. యాడ పోయిందో నాకేం తెలుసు? ఇంటికి తీసకపోయి సాంబారులో ఏసుకుంటానా?"

డిస్క్ మీద అనుమానానికి కారణం లేకపోలేదు. ఆ కంప్యూటర్ పెట్టె టకటకమంటే, తుఫాను వస్తోందనుకుని వైతికుప్పం జాలర్లు పడవలు ఒడ్డుకు లాగేవారని ఆఫీసులో ప్రతీతి. మా పద్ధతి ప్రకారం ముందు డిస్క్ మొత్తానికి నకలు తీశాను. తర్వాత డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే వివరాలు చదివాను, ఉపరితలమంతా పరీక్షించాను. ఒక్క మచ్చ లేదు. నాకంటే ఆరోగ్యంగా ఉంది. చప్పుడు చేసింది ఫ్యానుకు తగులుతున్న ఒక వైరు. దాన్ని పక్కకు కట్టాను. తుఫాను ఆగింది, ఫైళ్లు మాయం కావడం ఆగలేదు.

ఇక మనిషిని గమనించడం తప్ప దారి లేదు. శుక్రవారం పొద్దున్న పదకొండు దాటాక నాయుడు గారి పక్కన కూర్చున్నాను. కస్తూరి అర్జంటు ఫైలు ఒకటి పంపింది. ఆయన తెరిచారు, ఒక కామా దిద్దారు. భద్రపరిచే ముందు మౌసును తెర మూలకు జరిపి, గడియారం తెరిచి, తేదీని వెనక్కి తిప్పడం మొదలెట్టారు. నెలలు పోయాయి, ఏళ్లు పోయాయి.

"ఏంది సార్ అది?" అన్నాను.

"రాహుకాలం కదయ్యా. నాకు ప్రమోషన్ వచ్చిన రోజుకు పెట్టి సేవ్ చేస్తే ఏ ఫైలైనా జయమే. అయినాక మళ్లీ ఈరోజుకు పెట్టేస్తా. మనం రూల్ తప్పం."

ఆ ప్రమోషన్ వచ్చి ఆరేళ్లయింది. ఐదేళ్లు దాటిన ఫైళ్లను రోజూ సాయంత్రం సర్వర్లోని పాతసామాను అరలోకి తరలించే ప్రోగ్రాం ఆ కంప్యూటర్లో ఉంది. పాపం, అది తేదీ చూసింది, తరలించింది. గడియారం తిప్పాలంటే అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ కావాలి. పనిచేసే కస్తూరికి అది లేదు. మెయిల్ తెరవడానికి అటెండర్ను పిలిచే నాయుడు గారికి ఉంది, హోదాకు తగ్గట్టు.

ఆ అర తెరిచి చూపించాను. ఒక్కటి పోకుండా అన్ని ఫైళ్లూ, అందరికీ ఒకే పుట్టినరోజు. నాయుడు గారు లేచి గది తలుపు మూశారు.

"రిపోర్టులో హార్డ్ డిస్క్ అనే రాయండి" అన్నారు.

"రాస్తాను సార్. ఉప్పుగాలికి దానంతటదే చెడిందని రాయాలి. అప్పుడు ఆ మెమో నిలవదు."

మెమో బుట్టలో పడింది. పొడిగింపు మీద సంతకం పన్నెండు దాటాక పడింది. నిక్షేపంలాంటి డిస్కును పనికిరానిదిగా ప్రకటించి, కొత్తది బిగించాం. నాయుడు గారు గడియారం తిప్పడం మానరు కనుక, తరలించే ప్రోగ్రాం తీసేశాను. సంగతి చెబితే కస్తూరి పాత డిస్కును చేతిలో తిప్పి చూసింది.

"పోనీలే అన్నా, దానికి పిల్లాజెల్లా లేరు కదా."

లోపం ఎక్కడుందో కనిపెట్టడం ఈ వృత్తిలో సగం పని. అది ఎవరి పేరున నమోదవుతుందో చూసుకోవడం మిగతా సగం, దానికి ఎవరూ శిక్షణ ఇవ్వరు. పాస్‌వర్డ్ పనిని బట్టి ఇవ్వాలి. హోదాను బట్టి ఇచ్చిన చోట, పోయిన ప్రతి ఫైలుకూ కారణం కాంట్రాక్టు ఉద్యోగే అవుతుంది.