తట్టని తలుపు

మా ఇంటి దేవుని మీద ఒట్టు, ఇది జరిగిందప్పా. బిడ్డ మీద ఒట్టెయ్యమని మాత్రం అడగొద్దండి... అది నాతో కాదు. ఎందుకో కడాకి మీకే తెలుస్తాది.

అప్పటికి చిక్కబళ్ళాపుర ఇంకా జిల్లా కాలేదు. మనమంతా కోలారు జిల్లానే. బాగేపల్లి పక్కన మా శెనక్కాయ చేను వరసగా ఎండిపాయె. అప్పుడు నేను బోరు లారీ పని పట్టుకొని ఆఫ్రికాకి పోతిని. కాంగో దేశంలో డోలిసీ అని ఊరు. నాకి తోడు చింతామణి శీనప్ప. బోరేసేదంతా ఆయప్ప, లారీ తోలేది నేను.

ఆ ఊరి సంగతి చెప్పల్ల. మన ఊర్లుంటే రైలొచ్చింది కదా, ఆడ రైలొచ్చినాకే ఊరొచ్చిందంట. ముందు స్టేషను, దాని పక్కన కూలోళ్ల గుడిసెలు, ఆమీద బజారు. రైలుకి టైమనేదే లేదు. పొద్దున రావల్సింది రాత్రికొస్తాది, ఒక్కోసారి రానే రాదు. కూత ఇనబడితే చాలు, చేపలోళ్లు, అరటిగెలలోళ్లు అంతా ప్లాట్‌ఫారానికి పరుగే పరుగు. ఆ పట్టాలేసినప్పుడు కూలోళ్లు గుంపులు గుంపులుగా సచ్చిపోయినారంట. రాత్రిపూట పట్టాల మీద ఇంకా నడస్తాంటారని ఆ ఊర్లో చెప్పుకుంటారు. మాకిచ్చిన రేకుల షెడ్డు ఆ పట్టాల పక్కనే.

మబియాలా అని ఆ ఊరోడే మా దగ్గర కూలికుండె. పెండ్లాం లేదు. ఒక్క కూతురు, సన్నపాప. వానికి మన తెలుగు ఎట్ల పట్టుబడిందో ఏమో, గలగలా మాట్లాడేస్తాడు. తెల్లారితే రేకు తలుపుని రెండు చేతుల్తో డోలు బాదినట్ల బాదేది, 'రెడ్డెప్పన్నా, లెయ్ లెయ్!' అని అరిచేది. తలుపు బాదకుండా వాడు ఒక్కరోజన్నా వచ్చింది లేదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

ఒకరోజు శీనప్ప తమాషాకి ఆ తలుపు మీద చాక్‌పీసుతో కన్నడంలో 'నాళె బా' అని రాసె. మీకు తెలియంది కాదు, మన పిల్లప్పుడు ఊరూరా తలుపుల మీద రాసిందే. రాత్రి దయ్యం మనోళ్ల గొంతుతో పిలుస్తాది, తీస్తే అంతే సంగతి. 'రేపు రా' అని రాసుంటే చదువుకొని పోతాది, రేపొచ్చి మళ్లా అదే చదువుకుంటాది. మబియాలాకి చెప్తే కడుపు పట్టుకొని నవ్వె.

"మీ దయ్యం శానా మంచిదన్నా, చెప్పిన మాట ఇంటాది" అనె.

ఆమీద పాపకి జ్వరం తగులుకొనె. ఊర్లో ఇచ్చిన మందుకి దిగలే. సముద్రం ఒడ్డున పట్నం ఉండాది, పెద్దాసుపత్రికి రైల్లో తీసకపోతానని వాడు బయల్దేరె. పొద్దు మునిగేటప్పుడు నేనే లారీలో స్టేషను కాడ దించితిని.

"రైలు రాకుంటే ఏం చేస్తావురా?" అంటిని.

"నీ లారీ ఉండాది కదన్నా."

"ఉండాది లేరా" అంటిని. నా నోటితోనే అంటిని.

రాత్రి కూత ఇనబడె. గడగడమని బండి పాయె. పోయినాడులే అనుకొని పండుకుంటిమి.

ఎంతసేపైందో... మెలకువొచ్చె.

జల్లిరాళ్ల మీద అడుగులు. కరక్... కరక్... ఎవరో పట్టాలు దిగి వస్తాండారు. నిదానంగా... బరువుగా. తలుపు కాడ ఆగె.

"రెడ్డెప్పన్నా..."

మబియాలా గొంతే! కానీ తలుపు తట్టలే. గొళ్లెం ముట్టలే. ఊరికే గొంతు...

"రెడ్డెప్పన్నా... తలుపు తియ్..."

లేచి కూకుంటిని. చీకట్లో శీనప్ప నా చెయ్యి పట్టుకొనె.

"పలకొద్దురేయ్" అని గొణిగె. "రైలెక్కినోడు ఎట్లొస్తాడు? వాడైతే తలుపు బాదడా?"

నిజమే కదా అనిపించె. లారీ తాళంచెయ్యి నా దిండు కిందనే ఉండె.

మళ్లా పిలిచె. అదే మాదిరి. కోపం లేదు, తొందర లేదు. తలుపు రేకు మెల్లగా... కిర్ర్... అనె. ఎవరో ఆనుకొన్నట్ల.

నోరెట్లొచ్చిందో నాకి తెలీదప్పా. "రేపు రా" అంటిని.

ఊపిరి మాత్రం ఇనిపిస్తాండాది. నాదో, దానిదో.

"సరే అన్నా... రేపొస్తా."

కరక్... కరక్... కరక్... పాయె.

తెల్లారి తీస్తే ఎవరూ లేరు. తలుపు మీది రాత చెరిగిపోయి ఉండాది, సరిగ్గా మనిషి నుదురు ఎత్తులో. మంచుకి చెరిగిందిలే అనె శీనప్ప. స్టేషనుకి పరిగెత్తితిని. చేపలమ్మే ముసలమ్మ, బిడ్డనెత్తుకొని రైలెక్కినాడు, నేనే చూస్తిని అనె. గేటు కాడుండే ఆయప్ప, రాత్రి పోయింది కట్టెల గూడ్సు, జనాల బండి రానేలేదనె. ఎవరిని నమ్మల్ల? వాని ఇంటికి తాళం. ఆ రోజు రాత్రంతా మేలుకొని ఉంటిని, రాలే. పట్నం పోయే లారీవోళ్లతో అడిగిస్తిని, ఏ సంగతీ తెలీలే. పని ముగిసి మేము ఊరికొచ్చేస్తిమి.

దయ్యం చేతికి చిక్కకుండా వచ్చినామని మీ ముందరే ఎంత గొప్పలు చెప్పుకుంటినో కదా!

ఆమీద ఒక సాయంత్రం. బాగేపల్లిలో మా ఇంట్లో ఉండా. నా పెండ్లాం బస్సు దిగొచ్చి బయటినుంచి పిలుస్తాండాది. "ఇదో... తలుపు తియ్యప్పా..."

"తట్టేదానికేమి రోగం?" అని కసురుకుంటా పోయి తీస్తిని.

మా పాప దాని భుజం మీద నిద్రపోతాండాది. రెండు చేతులూ పాప కిందనే.

"ఏ చేత్తో తట్టల్ల? నుదురుతోనా?" అనె.

అప్పా... ఆ రేకు తలుపు మీద నుదురెత్తున చెరిగిన రాత అప్పుడు గుర్తుకొచ్చె.

మా యమ్మ మా తలుపు మీద రాయించిన 'నాళె బా' ఆ రాత్రే తడిగుడ్డతో తుడిచేస్తిని. ఇప్పుడు ఎవరు పిలిచినా మొదటి పిలుపుకే తీస్తా. పిలవకున్నా ఒక్కోరోజు లేచి తీస్తా. మా ఆమె తిడతాది, వీధి కుక్కలు చూస్తాయి, మళ్లా వేసుకొని పండుకుంటా.

అది వాడో, ఇంకేందో, ఈరోజుకీ నాకి తెలీదు. వాడే అయితే ఆ పాప... వద్దులే. దయ్యాలు మా తావ రాకుండా చూడు సామీ అని మీరంతా మొక్కుకుంటారు. ఆ రాత్రొచ్చింది దయ్యమే అయ్యుండల్ల సామీ అని నేను మొక్కుకుంటాండా.