ఒకే వరుసలో రెండు విస్తళ్ళు

మొన్న తాడేపల్లిగూడెం బస్టాండు దగ్గర ఎన్నికల ఫ్లెక్సీలో అభ్యర్థి పక్కన ఒకావిడ నమస్కారం పెడుతూ నవ్వుతోంది. టిక్కెట్టు కోసం ఆయనతో కొట్లాడిన వర్గాన్ని చల్లబరచడానికి ఆవిణ్ణి జతచేశారని పక్కనున్నాయన చెబితే, ఆవిణ్ణి ఎవరైనా అడిగారా అనిపించింది.

నన్నెవరూ అడగలేదు. ఏళ్ళ కిందట కొల్లేటి ఒడ్డున మా ఊళ్ళో, సర్పంచి పదవికి ఎవరిని నిలబెట్టాలో మా పార్టీవాళ్ళు చేపల షెడ్డులో చీటీలు వేసి తేల్చుకున్నారు. పోటీపడింది మా అన్నయ్యా, మావారి అన్నగారైన మా బావగారూ. చీటీల్లో బావగారు నెగ్గారు. దాంతో అన్నయ్య మనుషులు ఆయన చెరువుల్లో చేపల పట్టుబడికి వెళ్ళడం మానేశారు, ఆకివీడు నుంచి వచ్చిన లారీ ఖాళీగా తిరిగి వెళ్ళింది, నా పని అడకత్తెరలో పోకచెక్క అయింది.

అప్పుడు నేను అంగన్‌వాడీ టీచర్ని. ఆ ఉద్యోగమంటే నాకు ప్రాణం. బురదకాళ్ళతో వచ్చే ఆ పిల్లలు నా మాటకి బుద్ధిగా కూర్చునేవారు, ఇంట్లో మాత్రం నా మాట వినే నాథుడు లేడు.

ఒకరింట్లో ఒకరు మంచినీళ్ళు ముట్టని ఆ ఇద్దరూ మా ఇంట్లో భోజనానికి సరేనంటే, సంబరపడిపోయి కొరమేను పులుసు పెట్టి, ఒకే వరుసలో విస్తళ్ళు వేశాను. ఉపసర్పంచిగా అన్నయ్య వైపు మనిషిని పెడితేగాని రాజీ కుదరదు, కానీ అన్నయ్య ఏ పేరు చెప్పినా బావగారికి గిట్టలేదు. నేను అన్నం తేవడానికి వంటింట్లోకి వెళ్ళి వచ్చేసరికి అంతా తేలిపోయింది.

"ఇద్దరికీ కావలసినదానివి నువ్వేనమ్మా, ఉపసర్పంచివి నువ్వే, కాదనకు," అన్నారు బావగారు.

"దానికి ముందు వార్డు మెంబరుగా గెలవాలి, వార్డుకి నిలబడాలంటే ఉద్యోగం ఉండకూడదంట చెల్లాయ్, మానేద్దువుగాని," అన్నాడు అన్నయ్య.

మావారు తలెత్తకుండా ముళ్ళు తీసుకుంటూ కూర్చున్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. కాదంటే అన్నయ్య విస్తరి ముందు నుంచి లేచిపోతాడు, మళ్ళీ మా గుమ్మం తొక్కడు, నాకు పుట్టిల్లు లేకుండా పోతుంది. ఇద్దరి విస్తళ్ళలోనూ అన్నం వడ్డించాను. ఒప్పుకున్నాననుకున్నారు.

గెలిచాం. చూపించినచోట సంతకం పెడుతూ ఐదేళ్ళు గడిపాను. అన్నయ్యా, బావగారూ ఇద్దరూ ఇప్పుడు లేరు. వాళ్ళ పిల్లలు ఫోన్లలోనే తిట్టుకుని ఫోన్లలోనే కలిసిపోతారు, ఎవరూ వండి వడ్డించక్కర్లేదు. నా ఈడువాళ్ళు నమ్ముతారో లేదో గాని, అంత కోపంలోనూ ఆ భోజనాల వరుస తలుచుకుంటే మనసు పీకుతుంది.

ఇప్పటికీ రోడ్డు మీద కనబడితే, పెళ్ళాం బిడ్డలతో ఉన్న అప్పటి నా అంగన్‌వాడీ పిల్లలు బండి ఆపి, "బాగున్నారా టీచరుగారండీ?" అంటారు. ఉపసర్పంచిగారూ అని పిలిచినవాళ్ళు ఒక్కరూ లేరు.