పంతొమ్మిదో నంబరు తొట్టి

2006 ఎండాకాలం. అనంతపురంలో ఒక స్వచ్ఛంద సంస్థకు కంప్యూటర్లు బాగుచేసి పెట్టే పని నాది. కరువు ఊళ్లకు ట్యాంకర్లతో తాగునీళ్లు పంపేది ఆ సంస్థ. ఏ ఊరికి ఎన్ని ట్రిప్పులు కావాలో ప్రతి సోమవారం మధ్యాహ్నం పన్నెండులోగా శాఖలన్నీ లిస్టు పంపాలి. అంతకుముందు ఫోన్లో చెప్పిన లిస్టుల్లో ఊళ్లు తారుమారై పెద్ద గొడవలయ్యాయి కాబట్టి ఫైలుంటేనే లెక్క. లిస్టులో లేని ఊరికి ఆ వారం నీళ్లు లేనట్టే.

అంతవరకు ఫైళ్లు ఫ్లాపీల్లో, ఆర్టీసీ బస్సులో వచ్చేవి. ఆ నెలే హెడ్డాఫీసులో సర్వర్ పెట్టాం. అంటే అందరి ఫైళ్లూ ఒక్కచోట దాచే కంప్యూటర్. ఎక్కడివాళ్లక్కడ ఇంటర్నెట్‌లో పేజీ తెరిచి ఫైలు అందులో పెడితే చాలు. అన్ని శాఖలకూ కుదిరింది, ఒక్క కళ్యాణదుర్గానికి తప్ప. అక్కడి మిషన్లో ఉన్నది విండోస్ 98. కొత్త సాఫ్ట్‌వేర్లేవీ దాన్ని లెక్కచేయడం మానేశాయి. మా పేజీ తెరిస్తే తెల్లటి తెర తప్ప ఏమీ రాదు.

సోమవారం పొద్దున్నే సీడీలు సంచిలో వేసుకుని అక్కడ బస్సు దిగాను. ఆఫీసు క్లర్కు నరసమ్మక్కకు యాభై ఏళ్లుంటాయి. పాతికేళ్లు టైపు మిషన్ కొట్టి కంప్యూటర్ ముందుకొచ్చిన మనిషి.

"అక్కా, అంతా చెరిపేసి కొత్త విండోస్ ఏస్తా. గంటలో అయిపోతాది" అన్నాను.

"ఏమప్పా, అంత తొందర? తెలుగు అచ్చరాల సాఫ్ట్‌వేర్ ఈ మిషన్లో ఒక్కదాంట్లోనే ఉండాది. ఊర్ల పేర్లన్నీ దాంతోనే కొట్టినా. చెరిపేస్తే నువ్వు రాసిస్తావా?"

నాకు ఒళ్లు మండింది. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లని సీడీ పెట్టి చూశాను. మెమరీ చాలదని మిషన్ మొండికేసింది. చేసేది లేక ఎఫ్‌టీపీకి దిగాను. బొమ్మలూ బటన్లూ లేకుండా, నల్ల తెరమీద నాలుగు మాటలు కొట్టి ఫైలు పంపే పాత పద్ధతి అది. పదకొండుంబావుకు ఫైలు వెళ్లింది. మీసం మెలేసినంత పని చేశాను!

ఆఫీసుకు ఉన్నది ఒక్కటే ఫోన్ లైను. ఇంటర్నెట్ ఆపి, హెడ్డాఫీసులో ట్యాంకర్లు పంపే అన్వర్ అన్నకు ఫోన్ చేశాను.

"ఏంది సామీ ఇది? అన్నీ పిచ్చిగీతలు! ఒక్క ఊరి పేరూ తెలీల్యా" అన్నాడు.

అక్క వాడే అక్షరాలు అక్కడి మిషన్లో లేవు; ఇన్నాళ్లూ ఫ్లాపీతో పాటు వచ్చే అచ్చు కాగితం చూసి పని నడిపారు. "ఇంగ్లీషులో కొడదామా అక్కా?" అన్నాను.

"మూడు కొత్తపల్లెలుండాయి మనకు, తెలుగులో అచ్చరం తేడా, ఇంగ్లీషులో మూడూ ఒకటే. యా కొత్తపల్లో ఆయప్పకేం తెలుస్తాది?" అని కుర్చీ ముందుకు లాక్కుంది. "డ్రైవర్లలో సగంమందికి చదువు రాదని ప్రతి ఊరి నీళ్లతొట్టి మీదా నంబరేయించినాం. ఆ నంబర్ల కాయితం అన్వర్ దగ్గరా ఉండాది. అంకెలు యా మిషన్లోనైనా అంకెలే గదా?"

నా చదువంతా ఏ గంగలో కలిసిందో! నోట్‌ప్యాడ్‌లో ఒక్కో లైనుకు తొట్టి నంబరు, పక్కన ట్రిప్పులు. ట్యాంకరు పోయే దారి వరసన అక్క టకటకా కొట్టుకుంటూ పోయింది. చేతిలో కాగితం లేదు. అన్నీ ఆవిడ తలలోనే ఉన్నాయి. మధ్యమధ్య సేవ్ కూడా చేసుకుంటోంది. పదకొండు నలభైకి ఆ చేతులు ఆగగానే నేను నల్ల తెర తెరిచి పంపేశాను. ఇంకేం, పనైపోయిందని సంచి సర్దుకోబోయాను.

"యాడికి? ఎన్ని లైన్లు చేరినాయో అడుగు" అంది.

విసుక్కుంటూనే ఫోన్ చేశాను. అన్వర్ అన్న లెక్కపెట్టి ఇరవై అయిదన్నాడు.

"ఇరవై ఆరు కొట్టినా నేను" అంది అక్క.

చివరి లైను సేవ్ చేయకముందే నేను పంపేశాను. పోయింది దారి కొసనున్న పంతొమ్మిదో నంబరు. ఆ ఊళ్లో ఉన్న ఒక్క బోరూ ఎండిపోయి అప్పటికి పదిరోజులు. ఆవిడ సేవ్ చేసింది, నేను మళ్లీ పంపాను. ఇరవై ఆరూ చేరాయని అన్వర్ అన్న చెప్పేసరికి పన్నెండుకు అయిదు నిమిషాలున్నాయి.

"తప్పయిపోయిందక్కా" అన్నాను.

"నాకెందుకప్పా చెప్తావు? మా ఇంట్లో కొళాయి ఉండాది."

ఆ తర్వాత ఎన్ని ఆఫీసులు తిరిగానో, ఎన్ని కొత్త మిషన్లు చూశానో. నరసమ్మక్క లాంటి పనిమంతురాలిని మళ్లీ చూడలేదు. ఫైలు పంపడం నాకు ముందే వచ్చు. అది చేరకపోతే ఎవరి బిందె ఖాళీగా ఉంటుందో ఆలోచించడం మాత్రం ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను.