నల్లపొర

ఎవరూ అమ్మమని అడగని రాయిని పగలగొట్టి, కడిగి, ఆముదం పూసి మరీ బేరానికి పెట్టిన వ్యాపారి కడప జిల్లాలో నేనొక్కణ్ణే. ఈ ఘనతను ఇంతవరకు నా దగ్గర నుంచి ఎవరూ గుంజుకోలేదు.

పుట్టింది కర్నూలులో, అంగడి గల్లాపెట్టె పక్కన. కర్నూలు రాజధాని అయిన కొత్తల్లో నేల పరిచే బండలకు గిరాకీ పెరిగితే, వేంపల్లె దగ్గర ఒక గుట్టను గుత్తకు తీసుకున్నాను. గుట్ట కింద పారే వంక గట్టున ఒకచోట రాతినిండా వలయాలు ఉండేవి, కోసుగడ్డను, అదే క్యాబేజీని, అడ్డంగా కోసినట్టు. బండకు పనికిరాదని మేం దాని జోలికి పోయేవాళ్ళం కాదు.

ఆ వేసవిలో మద్రాసు నుంచి ఒక కాలేజీ మేష్టరు వచ్చాడు. రాళ్ళ చదువు ఆయనది. నెలరోజులు ఆ కొండలన్నీ కాలినడకన తిరిగి, చెప్పులు తెగి, చివరికి మా వంక గట్టున కూలబడ్డాడు. ఆ వలయాలు ఒకప్పుడు నీళ్ళలో పెరిగిన పాచి కట్టిన పొరలట. మనం పీల్చే ప్రాణవాయువును మొదట ఈ లోకానికి ఇచ్చింది అలాంటి పాచేనట. వలయాల నడుమ వేలెడు మందాన ఒక నల్లపొర ఉంది. దాన్ని తడిమి తడిమి ఏదో చెప్పాడు గానీ నేను వినలేదు. ఆయన మొహమే చూస్తూ కూర్చున్నాను. కొనేవాడి మొహం చదవడం మా ఇంట్లో అక్షరాల కంటే ముందు నేర్పుతారు.

కెమెరా తీసుకుని పదిరోజుల్లో వస్తాననీ, ఫొటో లేకపోతే పెద్దవాళ్ళెవరూ తన మాట నమ్మరనీ, అంతవరకు ఎవరినీ ముట్టుకోనివ్వొద్దనీ చెప్పి వెళ్ళాడు.

మా అంగట్లో ఆ మాటకు ఒకటే అర్థం. సరుకు నచ్చినవాడే పక్కన పెట్టమంటాడు. వాడు తిరిగొచ్చేలోపు దుమ్ము దులిపి మెరుగు పెట్టామా, ధర మనం చెప్పిందే.

మా దగ్గర పనిచేసే ముసలి మేస్త్రీ వద్దన్నాడు.

"సారు ముట్టొద్దనె గదప్పా. యాడుండేది ఆడే ఉండనీ. నీకేం అడ్డమొచ్చె?"

"రాయి కొట్టేది నీ పని. బేరం నా పని," అన్నాను.

సమ్మెటలతో ఊడగొట్టించాను. నల్లపొరను ఉలితో గీకించి, కొబ్బరిపీచుతో రుద్దించి, ఆముదం పట్టించాను. వలయాలు అద్దంలా మెరిశాయి. ముక్కలన్నిటినీ అంగట్లో గిన్నెలు పేర్చినట్టు పెద్దవి వెనక, చిన్నవి ముందు వరసగా పేర్చాను.

చెప్పిన రోజుకే మేష్టరు వచ్చాడు, మెడలో కెమెరాతో. ముక్కలను ఒక్కొక్కటీ తిప్పి చూశాడు.

"వీటిలో కిందిది ఏది, పైది ఏది?"

నాకు తెలియదు. మేస్త్రీ వైపు చూశాను. అతను వంక గట్టు వైపు చూస్తున్నాడు.

"మధ్యలో నల్లగా ఉండాలి కదా?"

"మురికి సార్. అంతా తీపిచ్చినాను, సుబ్బరంగా ఉండాది సూడండి," అన్నాను.

ఆయన తిట్టి ఉంటే నాకు తేలికయ్యేది. "అది మురికి కాదు," అన్నాడు మెల్లగా. "అగ్నిపర్వతం కక్కిన బూడిద." బూడిద కప్పేశాక కూడా దాన్ని అంటుకుని మళ్ళీ పాచి మొలిచిందా లేదా, ఆయన వెతుకుతున్నది అది. ఆ రెండూ కలిసిన అతుకు నెలరోజుల్లో ఆయనకు కనిపించింది ఆ ఒక్కచోటే.

తర్వాతెప్పుడో సిగ్గు తోసుకొచ్చి కొన్ని పుస్తకాలు చదివాను. భూమి పసితనంలో పాచి ప్రాణవాయువును వదులుతూనే ఉందట. అగ్నిపర్వతాల నుంచి వచ్చే ఆవిర్లు దాన్ని ఎప్పటికప్పుడు మింగేసేవట, ముందు గుమ్మంలో వచ్చిన సరుకంతా వెనక వాకిట్లో పోయినట్టు. ఆ ఆవిర్ల జోరు తగ్గాకే ప్రాణవాయువు గాలిలో నాలుగు కాలాలు నిలిచిందని కొందరంటారు. లావా అరిగి నీళ్ళలో కలిసి పాచికి మేతగా మారిందనీ అంటారు. మా వంక రాయి ఆ తొలినాళ్ళది కాదు, చాలా తర్వాతిది. అయినా నిప్పుకూ పాచికీ నడిచిన ఆ వ్యవహారంలో అదొక సాక్షి. ఆ సాక్షి నోట్లో నేను ఆముదం పోశాను.

ఆ రోజు ఆయన ఫొటో తీయలేదు. లేచి వెళ్తూ, "మీకు ఖర్చయి ఉంటుంది," అని జేబులో చెయ్యి పెట్టాడు. నేను వద్దనలేదు. చీటీ రాసిచ్చాను: ఇద్దరు కూలీలకు రెండు రోజుల కూలి, ఒక సేరు ఆముదం, పీచు. అణా ఎక్కువ వేయలేదని లోపల గర్వపడ్డాను కూడా. ఆయన లెక్కపెట్టి ఇచ్చాడు. మళ్ళీ మా వైపు రాలేదు.

ఆ చీటీలో రాయనివి ఇప్పుడు రాస్తున్నాను. ఆయన నెలరోజుల నడక. మళ్ళీ దొరకని అతుకు ఒకటి. నేను వినని మేస్త్రీ మాట ఒకటి. ఇందులో నా చేతినుంచి పడిన ఖర్చు, ఏమీ లేదు.