ర్యాపర్ మీద మా మడిగె ముందు పంచాయితీ

2013 డిసెంబరు, శనివారం సాయంత్రం. సూర్యాపేట, మా ఇంటి ముందరి మడిగె.

హాజరైనవారు: నేను. వంటింటికీ మడిగెకూ మధ్య తిరుగుతూ మా ఆవిడ. మడిగెలో కిరాయికి సెల్‌ఫోన్ల దుకాణం నడిపే ఆత్మకూరు అబ్బాయి. కోదాడలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ల్యాబ్ అసిస్టెంటుగా పనిచేసే అతని స్నేహితుడు. మిర్యాలగూడలో బియ్యం మిల్లు లారీ నడిపే మరో స్నేహితుడు.

ఆనాటి డైరీ పేజీ ఇలా మొదలవుతుంది. కాలువల శాఖలో పనిచేసినన్నాళ్లూ రోజూ నీటిమట్టం రాసి, దాని కింద ఎవరెవరు వచ్చి కలిశారో రాసేవాణ్ని. రిటైరయ్యాక నీటిమట్టం పోయింది, మనుషులు మిగిలారు. ఆ రోజు వచ్చినవాళ్లు ముగ్గురూ ఒక ర్యాపర్‌కు వీరాభిమానులు. ఆ ర్యాపర్ పని అయిపోయిందా, ఇంకా ఉందా అన్నది తేల్చుకోవడానికి కూర్చున్నారు. నిజం చెప్పాలంటే నేనూ అభిమానినే, కాకపోతే వయసును బట్టి నన్ను అధ్యక్షుణ్ని చేశారు.

నాకు ఆ పాటలు అంటించింది మా దుకాణం అబ్బాయే. అప్పట్లో జనం పాటలు వినేది మెమరీ కార్డుల్లో. కార్డు తెచ్చి కౌంటర్ మీద పెట్టి "మంచియి ఎక్కియ్యి" అంటే, అతను కంప్యూటర్‌లోంచి పాటలు ఎక్కించి ఇచ్చేవాడు. నేను పౌరాణిక పద్యాలు అడిగితే, పద్యాలన్నీ ఎక్కించి చివరన ఒక ర్యాప్ పాట కూడా పెట్టాడు. మిర్యాలగూడ బస్సులో కూర్చుని పద్యాలు వింటూ వింటూ ఆ పాటలోకి జారాను. హైదరాబాదులో కిరాయి గదిలో ఉండే కుర్రాడి గోడు అది. ఒకటో తారీఖు దాటితే ఇంటి ఓనరు నీళ్ల మోటారు ఎట్లా బంద్ చేస్తాడో, మెట్ల మీద ఎట్లా దగ్గుతాడో అచ్చం మన మాటల్లో, ఊపిరి తీసుకోకుండా చెప్పాడు. నేనూ ఇంటి ఓనర్నే. బస్సులో ఒక్కణ్నే పగలబడి నవ్వితే పక్కనున్నాయన లేచి వేరే సీట్లో కూర్చున్నాడు.

అలాంటివాడు ఆ దసరాకు ఒక సినిమాలో ప్రేమ పాట పాడాడు. మాట నున్నగా అయిపోయింది. మధ్య మధ్యలో వేణువు. కార్డులు ఎక్కించుకునేవాళ్లలో సగం మంది ఆ పాట వద్దన్నారు, సగం మంది అదే కావాలన్నారు. మూడు ఊళ్ల అభిమానులు ఫోన్లలోనే తిట్టుకున్నారు.

ఇప్పుడు ఉన్నట్టుండి కూర్చోవలసిన అవసరం ఏమిటంటే, ఆ ర్యాపర్ మర్నాడు కోదాడ కాలేజీ ఉత్సవానికి వస్తున్నాడు. హైదరాబాదు నుంచి కోదాడ వెళ్లే కారు సూర్యాపేట మీదుగానే పోవాలి. మా దుకాణం అబ్బాయి మూడు ఊళ్ల అభిమానులకు పెద్ద కాబట్టి, మా మడిగె ముందు పది నిమిషాలు ఆగి శాలువా కప్పించుకునేట్టు ఒప్పించారు. అసలు సంగతి దాని వెనక ఉంది. దుకాణం అబ్బాయి స్వయంగా పాటలు కడతాడు. ఆ పది నిమిషాల్లో అతని పాట ఒకటి వింటాననీ, నచ్చితే కోదాడ స్టేజీ ఎక్కిస్తాననీ ఆ ర్యాపరే కబురు పెట్టాడు. రీచార్జులు చేసుకుంటూ, పగిలిన అద్దాలు మార్చుకుంటూ నాలుగేళ్లుగా ఎదురుచూసిన అవకాశం అది.

శాలువా వేసేటప్పుడు ఏం మాట్లాడాలన్న దగ్గర గొడవ మొదలైంది.

లారీ డ్రైవరు వస్తూనే బల్ల మీద హెల్మెట్ కొట్టాడు. "శాలువా కప్పుతే కప్పుండ్రి. కని మొఖం మీద చెప్పాలె. అన్నా, నీ పని ఖతమైంది, ఆ పిల్లనగ్రోవి పాటలు మాకొద్దు అని చెప్పాలె!"

"ఏంటి బ్రదర్, అతిథిని పిలిచి అలా అంటారా ఎవరైనా?" అన్నాడు కోదాడ అబ్బాయి. వాళ్ల ఊరు ఆంధ్ర అంచున ఉంటుంది కాబట్టి మాటలో ఆ వాసన ఉండేది. "ఎదుగుతున్నాడు కదా! మా కాలేజీలో గుంటూరు పిల్లలు, ఖమ్మం పిల్లలు అందరూ ఆ ప్రేమ పాటే పాడుతున్నారు. ఎంతకాలమని నీళ్ల మోటారు గురించే పాడతాడు?"

"మోటారు ఇంక బంద్ చేస్తనే ఉన్నరు గద! మరి పాడొద్దా?"

ఇద్దరూ నా వైపు చూశారు. నేను మా మోటారు ఎప్పుడూ బంద్ చేయలేదని చెప్పాను.

"గా ముచ్చట నాకెరుక," అంది మా ఆవిడ మిరపకాయ బజ్జీల పళ్లెం పెడుతూ. "బంద్ చెయ్యలే. కని మెట్ల మీద దగ్గుతడు."

అందరూ నవ్వారు, నేను కూడా. ఆ నవ్వు తగ్గకముందే డ్రైవరు మళ్లీ అందుకున్నాడు. "మా మిల్లు కాడ హమాలీలు బస్తాలెత్తేటప్పుడు లారీల పాట పెడ్త. పాతది పెడితే కాలు అదే పడ్తది. కొత్తది పెడ్తే ఒకాయన బస్తా దించి, ఎవలన్న సచ్చిండ్రా అన్నడు."

"మీ మిల్లులో బస్తాలు మోయడానికేనా ఆయన పాడేది?"

"మరి మీ కాలేజీల పోరిలకు చిట్టీ ఇయ్యనీకెనా?"

"ఒరేయ్, ఒక్క సినిమా పాటతో మనిషి మారిపోతాడా? పేరొస్తుంది. పేరొచ్చాక తనకిష్టమైనవి పాడుకుంటాడు."

"పేరొచ్చినంక ఎవడన్న ఎనుకకు మళ్లిండారా? సూపియ్యి ఒక్కన్ని!"

ఇద్దరూ లేచి నిలబడ్డారు. రోడ్డు మీద పోయేవాళ్లు ఏదో కొట్లాట అనుకుని ఆగారు. ఒకాయన రీచార్జికి వచ్చి, విషయం అర్థం చేసుకుని, "కొత్త పాటే మంచిగున్నది" అని ఒక మాట విసిరి, డ్రైవరు తిరిగి చూసేసరికి రీచార్జి చేయించుకోకుండానే వెళ్లిపోయాడు. మా శాఖలో ఎన్నో మీటింగులు చూశాను గానీ ఇంత హుషారైనది చూడలేదు.

అప్పుడు గమనించాను. దుకాణం అబ్బాయి ఒక్క మాట కూడా మాట్లాడలేదు. కౌంటర్ వెనక కూర్చుని ఒక ఫోను విప్పి, బిగించి, మళ్లీ అదే ఫోను విప్పుతున్నాడు.

కాలువ నీళ్ల పంపకంలో మాకు వారబందీ అని ఒక పద్ధతి ఉండేది. తూముకు దగ్గరి పొలాలవాళ్లు ఎంత అరిచినా సరే, వాళ్ల తూములు మూసి, ముందు కాలువ చివరి పొలాలకు నీళ్లు వదలాలి. లేకపోతే మొదట ఉన్నవాళ్లే తాగేస్తారు, చివర చుక్క చేరదు. నా ఉద్యోగమంతా ఆ తూములు మూయించి తిట్లు తినడంలోనే గడిచింది. ఆ మాటే చెప్పాను.

"మీ ఇద్దరి తూములు మూస్తున్నాను. చివరి పొలం ఇతనిది. ఇతను మాట్లాడేదాకా మీరు బజ్జీలు తినండి."

అతను తల ఎత్తలేదు. "నేనేమంట సారూ. ఏదన్నా పరేషానే."

"అన్నను సూస్తే నోరు పడిపోతదారా నీకు?" అన్నాడు డ్రైవరు.

"తూము!" అన్నాను. నోట్లో బజ్జీ పెట్టుకున్నాడు.

అబ్బాయి ఫోను పక్కన పెట్టాడు. "కొత్త పాట నాకు నచ్చలే. ఆయన నడిమిట్ల ఎక్కడనో తప్పిపోయిండనిపిస్తది. గా మాట చెప్తే, వీడెవడో నన్నే దిద్దనీకి వచ్చిండని కారెక్కి పోతడు. నా పాట వినడు, స్టేజీ లేదు. చెప్పకుంట మంచిగున్నదన్నా అని శాలువా కప్పితే స్టేజి ఎక్కుత. కని ఎక్కి ఏం పాడాలె? ఆయన ఎదురుంగ అబద్ధం ఆడినంక నా పాట నాకే బయటికి రాదు."

కోదాడ అబ్బాయి మెల్లగా, "అయితే రెండూ వద్దురా. శాలువా కప్పి నీ పాట పాడేసి ఊరుకో," అన్నాడు.

"మరి మూడూర్లోల్లం ఇన్ని తిట్టుకున్నది ఎందుకు?" అని డ్రైవరు గొణిగాడు. ఈసారి నేను తూము అనలేదు.

మా ఆవిడ కొంగుతో చేతులు తుడుచుకుంటూ గడపలో నిలబడింది. "మీ నాయిన ఒగ్గుకతల వంత చెప్తుండెగద బిడ్డా?"

అతని తండ్రి గొర్రెలు కాసేవాడు. ఊళ్లో ఒగ్గుకథ పెడితే అసలు కథకుడి పక్కన వంతగాడుగా నిలబడేవాడు. ఒగ్గుకథ చూసినవాళ్లకు తెలుసు. కథకుడు ఎంత పెద్దవాడైనా, కథ ఎంత జోరు మీద ఉన్నా వంతగాడు మధ్యలో ఆపుతాడు. "ఆగాగు, అప్పుడేమో అట్ల అంటివి, ఇప్పుడు ఇట్ల అంటున్నవేంది?" అని నిలదీస్తాడు. వెక్కిరిస్తాడు కూడా. కథకుడికి కోపం రాదు. వంతగాడు ఆపకపోతే కథే నడవదు.

"చెప్తుండె," అన్నాడు అబ్బాయి. "ఒకసారి రాజు యుద్ధానికి పోయేకాడ ఆపి, గుర్రానికి గడ్డేసినవా అని అడిగిండు. జనం పడి పడి నవ్విండ్రు. కథ చెప్పేటాయన కూడ నవ్వి, గడ్డి మీద ఇంకో పాట కట్టిండు."

"మరింక? నువ్వు గూడ ఆపు."

"ఎవర్నమ్మా?"

"ఆ పాటలాయన్ని. శాలువా కప్పి వంతగాని లెక్క అడుగు. తిట్టినట్టు ఉండదు, పొగిడినట్టు ఉండదు."

అబ్బాయి లేచి నిలబడ్డాడు. కోదాడ అబ్బాయి "అమ్మగారూ!" అని చేతులు జోడించాడు. డ్రైవరైతే ఆవిడ కాళ్లకు దండం పెట్టబోతే, "బజ్జీ నూనె అంటుకుంటది, జరుగు" అని తోసేసింది.

తర్వాత జరిగిందంతా నా డైరీలో గజిబిజిగా ఉంది, ఎందుకంటే రాస్తూ రాస్తూ నేనూ లేచాను. అబ్బాయి కౌంటర్ మీద వేళ్లతో దరువు వేస్తున్నాడు. డ్రైవరు ఖాళీ డబ్బా తిరగేసి కొడుతున్నాడు. అబ్బాయి ఒక ముక్క అంటే, కోదాడ అబ్బాయి "నా వాదం కూడా పెట్టు, లేకపోతే అన్యాయం" అంటాడు. అతనిది పెడితే డ్రైవరు తనది పెట్టమంటాడు. ఇద్దరి వాదాలూ పాటలోకి ఎక్కాక, అంతసేపూ కొట్టుకున్న ఇద్దరూ ఒకరి ముక్క ఒకరు పాడుకుంటూ తలలూపారు. నేను ఒక పంక్తి సాయం చేశాను. ఛందస్సు బాగుందన్నారు గానీ తీసేశారు. అన్నాల వేళకు పాట తేలింది. అప్పుడు రాసుకున్నది ఇది:

ఆగన్నా ఆగు, జరంత ఆగు, నీ వంతగాన్ని వచ్చిన,
నీ కత నడుమ సందు జూసి నిన్ను అడుగ వచ్చిన.
కిరాయి గదుల మేం పడ్డ గోస పాట జేసినోనివి,
మబ్బుల మీద మంచమేసి యాడ పండుకున్నవి?
సముద్రం దాక పోవాలంటడు కోదాడ దోస్తుగాడు,
మిల్లు కాడికే రావాలంటడు మిర్యాలగూడ వాడు.
నడుమ సూర్యాపేటోన్ని నేను నడి రోడ్డు మీదున్న,
ఎటు దిక్కు పోతున్నవో చెప్పు, ఎంబడి వస్త నేనన్న!

మర్నాడు, ఆదివారం ఉదయం. చెప్పిన వేళకు కారు రాలేదు. మడిగె ముందు జనం పెరుగుతున్నారు. అబ్బాయి తెల్ల చొక్కా చెమటకు వీపుకు అతుక్కుపోయింది. డ్రైవరు రోడ్డు దాకా పోయి చూసి వస్తున్నాడు. చివరికి దుమ్ము కొట్టుకుపోయిన కారొకటి వచ్చి ఆగింది. దిగిన మనిషి నేననుకున్నదానికంటే పొట్టిగా, నిద్ర చాలని కళ్లతో ఉన్నాడు. జనం ఈలలు వేశారు. మా ఆవిడ ఇచ్చిన నీళ్లు తాగి, "అమ్మా, ఇంకో గిలాస" అన్నాడు.

అబ్బాయి శాలువా కప్పాడు. ఒక అడుగు వెనక్కి వేసి, ఎడమచేయి చెవి దగ్గర పెట్టి మొదలుపెట్టాడు. "ఆగన్నా ఆగు" అనగానే ఆ ర్యాపర్ చిరునవ్వు నవ్వాడు. "మబ్బుల మీద మంచమేసి" దగ్గర నవ్వు పోయింది. వెంట వచ్చిన మేనేజరు గడియారం చూసుకుంటూ ముందుకు వచ్చాడు. ర్యాపర్ చేయి అడ్డం పెట్టి అతన్ని ఆపాడు. పాట అయిపోయింది. జనం చప్పట్లు కొట్టాలా వద్దా అని అతని ముఖం చూస్తున్నారు.

"వంత అంటే ఒగ్గుకతల వంతనా?" అని అడిగాడు.

"అవునన్నా. మా నాయిన చెప్తుండె."

"మా తాత కూడ ఒగ్గు కొట్టిండు." కాసేపు శాలువా అంచు నలిపాడు. "నువ్వడిగినదానికి నా దగ్గర జవాబు లేదు తమ్మీ. రోజు నేనే అడుక్కుంటున్న. కారెక్కు."

"అన్నా?"

"స్టేజి మీద గిట్లనే ఆపి అడుగు. కోదాడ వచ్చేదాక ఏమన్న తోస్తే చెప్త. తోయకుంటే నీ ముందట నిలవడ్త, జనం సూస్తరు. ఎక్కు!"

అప్పుడు పడ్డాయి చప్పట్లు. డ్రైవరు అరిచిన అరుపుకు ఎదురు హోటల్లో టీ తాగేవాళ్లు గ్లాసులతోనే బయటికొచ్చారు. అబ్బాయి నన్ను చూశాడు, దుకాణాన్ని చూశాడు. "పో, నేను చూసుకుంటాను" అన్నాను. చెప్పులు కూడా వేసుకోకుండా ఎక్కాడు. మిగతా ఇద్దరూ ఒకే మోటారు సైకిలు మీద కారు వెనకాల పడ్డారు. సినిమా పాట మంచిదా చెడ్డదా అని బండి మీదే మళ్లీ మొదలుపెట్టారని, వాళ్ల చేతులు ఊగడం చూసి తెలిసింది.

నేను లోపలికి వెళ్లి కౌంటర్ వెనక కూర్చున్నాను. ఒకావిడ వచ్చి రీచార్జి చేయమంది. ఎక్కడ నొక్కాలో తెలియక మా ఆవిడను పిలిచాను.