బరాత్ గుర్రం మీద బ్యాంకు సారు

ఆ రోజుల్లో భయం నాకు చొక్కాలాంటిది, పొద్దున్నే తొడుక్కుని బయలుదేరేవాణ్ని. ములుగు దాటాక అడవి అంచున, సెలవులకొచ్చే పట్నంవాళ్లను గుర్రాలెక్కించి చెరువు దాకా తిప్పి తెచ్చే పని దొరికి వారమైంది. యజమాని ముందే చెప్పాడు: "ఎవలన్న కిందవడ్డరో, మల్ల నాకు నీ మొఖం సూపెట్టకు." ఇంట్లో సంపాదించేది నేనొక్కణ్నే. ఉన్న రెండు గుర్రాల్లో తెల్లది హనుమకొండలో పదేళ్లు బరాత్‌లలో పెళ్లికొడుకులను మోసింది. డప్పు వినబడితే అది ఎవరి మాటా వినదు. ఆ సంగతి దానిమీదెక్కిన బ్యాంకు సారుకు చెప్పలేదు. (అడవిలో పెళ్లెక్కడిది అనుకున్నాను. ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.)

సారు బొద్దుగా ఉండే మనిషి. వెనక నల్లగుర్రం మీద ఆయన భార్య. నేను తెల్లదాని కళ్లెం పట్టుకుని నడుస్తుంటే, బాట మలుపులో పక్క ఊరి నుంచి డప్పు మోగింది. దాని చెవులు నిక్కాయి, నేను కళ్లెం బిగించి పట్టుకున్నాను. "ఏందయ్యా, ఇది ఎగురుతాంది?" అన్నాడు సారు. "ఏం ఫికర్ లేదు సార్, జర ఖుషీల ఉన్నది. గట్టిగ పట్టుకోండ్రి." అది రెండడుగులు ముందుకూ ఒకటి వెనక్కూ ఆడుతూ నన్ను ఈడ్చుకుపోయింది. సారు దాని మెడ కావలించుకున్నాడు. ఇప్పుడు పడతాడు, ఇప్పుడు పడతాడు అనుకుంటూనే పరుగెత్తాను. తిన్నగా పెళ్లిపందిరి ముందుకెళ్లి పాతేసినట్టు ఆగింది. హారతిచ్చి మనిషిని దింపితే తప్ప కదలని అలవాటు దానిది. సారేమో వణుకుతూ దిగనంటాడు. అసలు పెళ్లికొడుకు ఇంకా రానేలేదు.

"అయ్యో, పిలగాడు జర ముదిరిండు గదనే!" అని ఆడవాళ్లు ఒకటే నవ్వు. ఒక ముసలమ్మ మాత్రం పళ్లెం తెచ్చి, "నవ్వకుండ్రే, మనిషి అదురుతాండు" అని హారతిచ్చి, బొట్టుపెట్టి, చెయ్యందించింది: "దిగు బిడ్డా, అది యాడికి పోదు." సారు సగం ఆమె భుజం మీదా, సగం నా నెత్తి మీదా దిగాడు. వెనక నుంచి భార్య, "నన్ను అడగకుండనే ఇంకో పెండ్లా?" అంది.

తిరిగొచ్చాక యజమాని, "ఎవలన్న పడ్డరా సార్?" అన్నాడు. సారు బొట్టు తుడుచుకోకుండానే నా వంక చూసి, "లేదయ్యా, బరాబర్ దింపిండు" అన్నాడు. గెలిచాననుకుని ఆ రోజు రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను, వెర్రివెధవను. ఎక్కకముందే ఆయనకు చెప్పవలసిన మాట ఇప్పుడు రాస్తున్నాను. ఆలస్యమైంది సారూ. ఏం చేయను, నాకు అక్షరాలే యాభై దాటాక వచ్చాయి.