ఇల్లు పక్కన ఖాళీ

"అన్నం సల్లారుతున్నది. ఎప్పుడొస్తవ్?"

"కరెంటు వోయి ఇప్పుడే వచ్చింది. ట్యాంకు నిండినంక మోటరు బంద్ జేసి వస్త."

"గా మోటరు కాడనే ఉండు. రాకున్నా మంచిదే."

"సరే తీ."

ఫోన్‌లో మేమిద్దరం మాట్లాడుకున్న ఆఖరి మాటలు ఇవే. నా భర్త యూనివర్సిటీ హాస్టళ్లకు నీళ్లెక్కించే మోటరు నడిపేవాడు. ఆ సాయంత్రం పంపు గది మెట్ల మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. గుండె ఆగిందన్నారు. ఆగితే ఆగింది. నా మాటకు అలిగి అక్కడ కూర్చున్నాడా, ఇంటికి బయలుదేరి కూర్చున్నాడా? తార్నాకలో మా ఒంటి గదిలో ఈ మాట ఎవరిని అడగను? గోడ గడియారం ఒక్కటే చప్పుడు చేసేది. బియ్యం మాత్రం ఇద్దరికీ సరిపడా కడిగేదాన్ని, అలవాటు పోక.

ఆయన రోజూ ఫోన్‌లో మూడు ముక్కలు రాసుకునేవాడు. ఆన్, ఆఫ్, ఇల్లు. ఒక్కోదాని పక్కన టైము. గుమ్మంలో చెప్పులు విడుస్తూ "టైమెంత?" అని అడిగేవాడు.

"చేతుల ఫోనున్నది, నన్నడుగుతవేంది?"

"నువ్వు జెప్తెనే రాస్త."

గడియారం చూసి చెప్పేదాన్ని. ఒక్క వేలితో అంకెలు కొట్టి లోపలికి వచ్చేవాడు.

నా చదువు పేరు రాయడం వరకే. అందుకని ఆ ఫోన్ రాతలు చదివించుకుందామని మా చెల్లెలి బిడ్డను పిలిచాను. అడిక్‌మెట్‌లో గది తీసుకుని, ఆ క్యాంపస్‌లోనే కంప్యూటర్ చదువుతున్నది. ఫోన్‌లో చూస్తే అన్నీ విడివిడి చిట్టీలట, తేదీల్లేవు, వరుస లేదు. అన్నింటినీ ల్యాప్‌టాప్‌లో ఒకచోట పోసింది. ఆఫ్ అని ఉండి పక్కన అంకెలున్న లైన్లన్నీ ఏరి ఒక వైపు పెట్టింది. ఇల్లు అని ఉండి అంకెలున్నవి ఇంకో వైపు. బియ్యంలో రాళ్లు ఏరినట్టు నేను రోజంతా కూర్చోవాల్సిన పనిని అది టీ చల్లారేలోపు చేసింది.

"పెద్దమ్మా, ఆఫ్‌లు ఒకటెక్కువున్నయి."

"అది ఆఖరి రోజుది, బిడ్డా. ఇంటికి రాలే గద."

"జర ఆగు. అంకెలున్నయే ఏరమని కంప్యూటర్‌కు జెప్పిన నేను. అంకెలు లేకున్నా సరే, ఇల్లు అని ఉంటే చాలని మల్ల అడుగుత."

ఈసారి రెండు వైపులా సరిపోయాయి. కొత్తగా దొరికింది ఒక్క లైనే. దాని పైన ఆఫ్ 7.20 అని ఉంది. రోజూ ఏడుకు ముందే ఆగే మోటరు, కరెంటు పోయిన ఆ ఒక్కనాడే ఆలస్యమైంది. కింద ఇల్లు అని ఉంది. పక్కన ఏమీ లేదు.

"అంటే పెద్దనాయిన ఇల్లు అన్న ముక్క పంపు కాడ బయలెల్లేటప్పుడే రాసుకునేటోడు. ఇంటికొచ్చినంక టైమొక్కటే ఏసేటోడు."

"మరి బయలెల్లిండా?"

"బయలెల్లిండు పెద్దమ్మా."

నా వేలు పట్టుకుని ఆ ఖాళీ మీద పెట్టింది. తెర వెచ్చగా ఉంది.

"టైము ఏయాల్నా?"

"వద్దు. నేను జెప్పలే గద."

ఇదంతా నేను చెబుతుంటే మా చెల్లెలి బిడ్డే రాస్తున్నది. చీకటి పడకముందే అడిక్‌మెట్ వెళ్లాలి, బస్సు దొరకదని తొందర. పోదువు గాని, బిడ్డా. రాకున్నా మంచిదే అని నేనన్న గా మాట తీసేసినవా ఏంది? ఉండనీ. మొదటి నుంచి ఒకసారి సదువు, వింట.